కల్లం మీద విమానం

పోయిన నెలలో మా మిరప చేనుకి మందు కొట్టడానికి ఒక అమ్మాయి డ్రోను తీసుకుని వచ్చింది. ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. ఆటోలోంచి దాన్ని దించి, రెక్కలు విప్పి, మందు కలిపిన నీళ్లు పోసి, గట్టు మీద నిలబడి చేతిలోని పెట్టె మీద రెండు పుల్లలు కదిపింది. అది జుయ్యిమంటూ లేచి నిలువెత్తున ఆగింది. ఆ తర్వాత ఆ పిల్ల పుల్లలు వదిలేసి, జేబులోంచి ఫోను తీసి, ఎవరితోనో మాట్లాడటం మొదలుపెట్టింది. "పుల్ల పట్టుకో తల్లీ" అని నాకు తెలియకుండానే అరిచాను. ఆ పిల్ల నవ్వి, వదిలేసినా అది అక్కడే నిలబడుతుంది ఆంటీ, దానికి అన్నీ తెలుసు అంది. నిజంగానే అది మేకుకి తగిలించిన చొక్కాలాగా గాల్లో కదలకుండా ఉంది. నాకు ఉక్రోషం వచ్చి, ఇది తలకిందులుగా ఎగురుతుందా అని అడిగాను. తలకిందులుగా ఎందుకాంటీ, మందంతా ఒలికిపోతుంది కదా అంది. అదీ నిజమే. అరవై దగ్గరపడిన మనిషి, మోకాళ్ల నొప్పులకి తైలం రాసుకుని వచ్చి గట్టు మీద కూర్చున్న మనిషి, ఒకప్పుడు ఇదే ఊళ్లో విమానాన్ని వెల్లకిలా తిప్పి నడిపిందని చెబితే ఆ పిల్ల మాత్రం ఎందుకు నమ్ముతుంది. చెప్పకుండా ఊరుకుని, ఆ కోపం తీర్చుకోవడానికి ఇది రాస్తున్నాను.

మా విమానానికి ఏమీ తెలియదు. పుల్ల వదిలితే అరనిమిషంలో నేల పట్టేది. దాని యజమాని ఐజాక్ మాస్టారు. వైమానిక దళంలో ఇరవై ఏళ్లు ఇంజన్లు బాగుచేసి, పింఛను పుచ్చుకుని వచ్చి, మా ఊరి మిషన్ స్కూల్లో డ్రిల్లు, లెక్కలు చెప్పేవారు. ఇరవై ఏళ్లు విమానాల కింద పడుకున్నారు గానీ ఒక్కరోజు కూడా విమానం నడిపే భాగ్యం కలగలేదు. ఆ కొరత తీర్చుకోవడానికే కాబోలు, ఎవరో ఆఫీసరు ఇచ్చిన పాత రేడియో పెట్టె ఒకటి, గుప్పిట్లో పట్టే ఇంజను ఒకటి తెచ్చుకుని, వెదురు, పల్చటి చెక్క, కాగితంతో నాలుగడుగుల రెక్కలున్న విమానం కట్టారు. దాన్ని ఎగరేయడానికి చదునైన నేల కావాలి. మా చుట్టుపక్కల ఉన్నదంతా దున్నిన నల్లరేగడి. చదునైన నేల అంటే మా నాన్న మిరప కల్లం ఒక్కటే. ఏటా కోతకి ముందు ఆ కల్లాన్ని చెక్కించి, నీళ్లు చల్లి, రాతి రోలరు లాగించి, పీటలాగా చేయించేవాడు నాన్న. పండు కాయ కోసుకొచ్చి అక్కడే పొడవాటి వరసలుగా ఎండబోసేవాళ్లు. మాస్టారు వచ్చి వరసల మధ్య దారి ఇస్తే చాలన్నారు. నాన్న, "కల్లం మీదే అనుకోండి మాస్టారూ. కాయ మీద చక్రం పడిందంటే మాత్రం విమానం నాది" అన్నాడు. దానికి తోడు ఇంకో షరతు కూడా పెట్టాడు. ఇంటరు లెక్కల్లో తప్పి ఇంట్లో కూర్చున్న నాకు చదువు చెప్పాలని.

అలా నేను లెక్కల పుస్తకం పట్టుకుని రోజూ సాయంత్రం కల్లానికి వెళ్లేదాన్ని. మాస్టారు ఒక లెక్క ఇచ్చి, అది చేసేలోపు ఒక చుట్టు ఎగరేసి వచ్చేవారు. నేను లెక్క చేయకుండా విమానాన్ని చూసేదాన్ని. ఆయనకి అప్పటికే కుడి చేతికి వణుకు వచ్చింది. ఆ వణుకు రేడియోలోంచి పాకి విమానానికీ ఎక్కేది. ఒకరోజు విమానం పైనుండగా చెయ్యి బొత్తిగా స్వాధీనం తప్పింది. పక్కన నేను తప్ప ఎవరూ లేరు. పెట్టె నా చేతుల్లో పెట్టి, "పట్టుకో అమ్మాయ్, ఏమీ చేయకు" అన్నారు. ఏమీ చేయకుండా ఉండటంలో ఆ ఏడాది నాకు మంచి అనుభవం ఉంది. విమానం తిన్నగా పోయింది. ఆ తర్వాత ఆయన చెప్పినట్టు పుల్ల కొంచెం కదిపాను, అది తిరిగి వచ్చింది. అంతవరకూ నేను చెప్పిన మాట ఈ భూమి మీద ఏదీ విన్నది లేదు. మా గేదె కూడా వినేది కాదు. ఆకాశంలో అంత దూరాన ఉన్నది నా బొటనవేలి మాట వింటుంటే నాకు ఏడుపొచ్చినంత సంతోషమైంది. మర్నాటి నుంచి లెక్కల పుస్తకం మిరపకాయల మీద కప్పే పట్టాకి బరువుగా పనికొచ్చింది.

అసలు కష్టం విమానం మన వైపు వస్తున్నప్పుడు మొదలవుతుంది. పోయేటప్పుడు కుడి కుడే. తిరిగి వచ్చేటప్పుడు మన కుడి దానికి ఎడమ. తల బద్దలు కొట్టుకున్నా నాకు ఎక్కలేదు. చివరికి మాస్టారు, కుడి ఎడమలు మర్చిపో, ఏ రెక్క కిందికి వాలితే పుల్ల ఆ వైపుకి నెట్టు, పడిపోతున్నవాడి భుజం కింద చెయ్యి పెట్టినట్టు అన్నారు. అది ఎక్కింది. వెల్లకిలా తిప్పితే మళ్లీ కొత్త గొడవ. పైకి లేపాలంటే కిందికి తోయాలి. వాటన్నిటికీ మాస్టారు నాతో కాలినడకన సాధన చేయించేవారు. చెక్క ముక్కతో చేసిన చిన్న విమానాన్ని చేత్తో ఎత్తి పట్టుకుని, కల్లం చుట్టూ నడుస్తూ, పది విన్యాసాల వరస మొత్తం తిప్పాలి. విమానం నిలువునా చుట్టు తిరిగే లూపు దగ్గర చెయ్యి గుండ్రంగా తిప్పి, అది పక్కకి పొర్లే రోలు దగ్గర మణికట్టు మెలితిప్పి, తలకిందుల దగ్గర నోట్లో ఏదో గొణుక్కుంటూ పోవాలి. కల్లంలో కాయల తొడిమలు తీసే ఆడవాళ్లు ముప్పై మంది పని ఆపి చూసేవాళ్లు. రెండు రోజుల్లో ఊరంతా పాకింది, ఫలానా వారి అమ్మాయికి పరీక్ష పోయిన దిగులుతో గాలి సోకిందని.

ఆ కబురు మా నాయనమ్మ చెవిన పడింది. ఆవిడకి అప్పటికే మాస్టారి మీద వేరే కోపం ఉంది. ఆ ఇంజను స్పిరిట్టులో ఆముదం కలిపితేనే నడుస్తుంది. స్పిరిట్టు మాస్టారు గుంటూరు నుంచి తెచ్చుకునేవారు, ఆముదం నేను నాయనమ్మ సీసాలోంచి తెచ్చేదాన్ని. ఆవిడ స్వయంగా వండి వడకట్టి, మాడుకీ, మోకాళ్లకీ, మనవల కడుపులకీ వాడే ఆముదం అది. సీసా తరిగిపోతుంటే పిల్లిని అనుమానించింది, పనిమనిషిని అనుమానించింది, మా నాన్నని కూడా అనుమానించింది. ఒక సాయంత్రం పెరట్లో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తుండగా విమానం మా ఇంటి మీదుగా తెల్లటి పొగ వదులుతూ వెళ్లింది. ఆవిడ తలెత్తి, రెండుసార్లు గాలి పీల్చి, "ఒరేయ్, నా ఆముదం పైన పోతోంది" అంది. ఆ రోజు నా వీపు మీద పడిన దెబ్బలు చెప్పను. కానీ ఆవిడ మంచి మనిషి. మర్నాటి నుంచి ఇంజనుకి వేరే సీసా వండి పెట్టింది. ఇప్పటికీ ఎక్కడైనా కాలిన ఆముదం వాసన తగిలితే నాకు నాయనమ్మ తల, ఆ ఇంజను రెండూ ఒకేసారి గుర్తొస్తాయి, ఏది ముందో చెప్పలేను.

గాలి సోకిందన్న కబురుకి మాత్రం ఆవిడ ఊరుకోలేదు. నాకొక తాయెత్తు కట్టింది. మాస్టారిని పిలిపించి, మీ పాస్టరుగారి చేత కూడా ఓ ప్రార్థన చేయించండి బాబూ, ఎటుపోయి ఎటొస్తుందో అంది. ఆ తర్వాత ఆవిడకి, లోపం నాలో లేదు బండిలో ఉందేమోనని తోచింది. కొత్త బండి ఏది కొన్నా పెదకాకాని గుడికి తీసుకెళ్లి పూజ చేయించడం మా వైపు అలవాటు. విమానం మాత్రం బండి కాదా అని, నన్నూ విమానాన్నీ బస్సెక్కించి తీసుకెళ్లింది. లారీలు, ట్రాక్టర్ల వరసలో మా విమానం నిలబడింది. పూజారిగారు చాలా మర్యాదస్తుడు, నవ్వలేదు. బొట్టు పెట్టి, పూలు చుట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టబోయి ఆగిపోయారు. నిమ్మకాయ చక్రం కన్నా పెద్దది. దాన్ని తొక్కించాలంటే విమానం నిమ్మకాయ ఎక్కాలి. వెనక లారీ డ్రైవర్లు తలో సలహా ఇచ్చారు. చివరికి పూజారిగారు నిమ్మకాయని పల్చటి బిళ్లలుగా కోసి పెడితే, నేను విమానాన్ని చేత్తో తోసి వాటి మీద నుంచి నడిపించాను. అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఇంటికొచ్చాక ఆ కుంకుమ బరువు ఒక రెక్కకి ఎక్కువైందని మాస్టారు తడిగుడ్డతో తుడిచి, ఈ సంగతి మీ నాయనమ్మగారికి చెప్పకు అన్నారు.

ఇంత తతంగం ఎందుకూ అంటే, మాస్టారి దగ్గర ఒక చిన్న పుస్తకం ఉండేది. విమాన విన్యాసాల పోటీలో ఏ విన్యాసానికి ఎలా మార్కులు వేయాలో అందులో రాసి ఉంది. ప్రతిదానికీ పదేసి మార్కులు. లూపు గుండ్రంగా ఉండాలి, మొదలైన చోటే ముగియాలి. రోలు తిరుగుతుంటే రెక్కలు తిరుగుతున్న సంగతి ముక్కుకి తెలియకూడదు. గీత వంకర పోయిందా ఒక మార్కు కోత. మాస్టారు ప్రతి సాయంత్రం ఒక నోటుబుక్కులో నాకు మార్కులు వేసేవారు. నాలుగు, అయిదు, ఆరు. నెలలు గడిచాక ఏడు వచ్చింది. అక్కడ ఆగిపోయింది. ఏడు దాటి వేయడం ఆయన చేతికి రాదేమో అనిపించేది. ఎనిమిది ఎప్పుడు వేస్తారు మాస్టారూ అంటే, చేసిన రోజు వేస్తాను అనేవారు. బడిలో ఎవరికీ పనికిరాకుండా పోయిన దాన్ని, ఈ ఒక్క మనిషి చేత ఒక్క ఎనిమిది వేయించుకుంటే నేను బతకగలను అనిపించేది. నవ్వులాటకి అనడం లేదు. అన్నం తినేటప్పుడు కూడా అదే ధ్యాస.

తొడిమలు తీసే ఆడవాళ్లకి మేస్త్రి మరియమ్మ. రాశిలో రంగు పోయిన తాలుకాయ ఒక్కటి ఉన్నా ఆవిడ కంట పడాల్సిందే. మాస్టారూ ఆవిడా ఒకే చర్చికి వెళ్లేవాళ్లు. విమానాల గురించి ఆవిడకి ఓనమాలు తెలియవు గానీ, ఒకరోజు నా లూపు చూసి, "పాపా, పైన నొక్కినట్టుగా ఉందే, కోడిగుడ్డులాగ" అంది. మాస్టారు పుస్తకం తెరిచి చూపించారు, పైన వేగం తగ్గి నొక్కుకుపోవడానికి ఒక మార్కు కోత. అప్పటి నుంచి నాకు జడ్జీలు ఇద్దరయ్యారు. పైకెక్కేటప్పుడు ఇంజను పెంచి, దిగేటప్పుడు తగ్గించి, గాలి తోసినంత మేర ముందే సర్దుకుని, ఆ కోడిగుడ్డుని సున్నా చేయడానికి నాకు ఒక పంట కాలం పట్టింది. గీతలు తిన్నగా ఉండటానికి మాత్రం నేను ఒక కిటుకు కనిపెట్టాను. ఎండబోసిన ఎర్రటి వరస అంచు చూసుకుని, దాని మీదే విమానాన్ని నడిపేదాన్ని. కాయ మార్కెట్ యార్డుకి వెళ్లిపోయిన నెలల్లో మాస్టారు అదే చోట తాలుకాయలతో గీత పోయించేవారు.

ఆ ఏడాది కోత అయ్యాక, హైదరాబాదు అవతల వాడకం మానేసిన పాత రన్‌వే మీద పోటీ జరుగుతోందని మాస్టారికి ఉత్తరం వచ్చింది. నాన్న ఒప్పుకోడేమో అనుకున్నాను. కానీ ఆయనకి కూడా లోపల సరదా ఉంది. వట్టి చేతులతో పోతారా, పెద్దవాళ్ల దగ్గరికి అని ఏరిన కాయ పది కిలోలు గోతంలో కట్టి ఇచ్చాడు. రెక్కని నాయనమ్మ పాత చీరలో చుట్టి, మాస్టారూ నేనూ రైలెక్కాం. అక్కడ అంతా పట్నం కుర్రాళ్లు, మెరిసిపోయే విమానాలు. మా దాన్ని చూసి నవ్వలేదు, అంతకన్నా అవమానంగా మెచ్చుకున్నారు. పొద్దుటి విడతలో విమానాన్ని పైకి లేపాక తెలిసింది, కింద చూసుకోవడానికి ఏమీ లేదని. బూడిద రంగు నేల, బూడిద రంగు ఆకాశం. విమానం ఇష్టమొచ్చినట్టు వంకర్లు పోయింది. మూడు, నాలుగు, రెండు. దించి వచ్చి మాస్టారి ముఖం చూడలేకపోయాను. ఆయన నన్ను తిట్టలేదు. ఆ బూడిద నేల చూసి, తప్పు నాది అమ్మాయ్, నీకు విమానం నేర్పాననుకున్నాను, మిరపకాయలు నేర్పాను అన్నారు.

సాయంత్రం రెండో విడత, రెండిట్లో మెరుగైనదే లెక్కలోకి వస్తుంది. అందరిలోకీ చివరి పేరు నాది. మాస్టారు గోతం భుజాన వేసుకుని వెళ్లి, అక్కడి పెద్ద జడ్జీని, టోపీ పెట్టుకున్న పెద్దాయనని, రన్‌వే పక్కన ఒక గీత పోసుకోవచ్చా అని అడిగారు. ఆయన గోతంలోకి చూసి, దిష్టి తీసే ఆచారం అనుకున్నారేమో, కానివ్వండి అన్నారు. ఎర్రటి కాయ సన్నగా పోసుకుంటూ పోయాం. గీత సరిగ్గా జడ్జీల కుర్చీల ముందు నుంచి వెళ్లింది. కాసేపటికి నిర్వాహకుల జీపు మంచినీళ్ల డ్రమ్ములు దించడానికి వచ్చి, దాని మీదుగా అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగింది. కాయ నుగ్గునుగ్గయింది. గీత ఇంకా బాగా కనిపిస్తోందని మేం సంతోషించాం. ఒట్టు, అంతకు మించి మాకు ఏమీ తోచలేదు. ఏళ్ల తరబడి ఆ కోరులో, ఆ మిరప ఘాటులో తిరిగిన మాకు అది వట్టి గాలి.

నా వంతు వచ్చింది. ఇంజను పూర్తిగా పెంచి విమానాన్ని వదిలాను. అప్పుడే సాయంకాలపు గాలి లేచింది. నేను వెనక్కి చూడలేదు. ఎర్ర గీత పట్టుకున్నాను, చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. మాస్టారు పక్కన నిలబడి తర్వాతి విన్యాసం పేరు చెబుతున్నారు. మూడో దాని దగ్గర వెనక ఎవరో తుమ్మారు. తర్వాత ఇద్దరు తుమ్మారు. కుర్చీ పడిన చప్పుడైంది, ఎవరో నీళ్లు నీళ్లు అన్నారు. నన్ను కంగారు పెట్టడానికే చేస్తున్నారని పళ్లు బిగపట్టి ఎగరేశాను. ఆఖరిది నిదానంగా తిరిగే రోలు. గీత ఈ చివర మొదలై ఆ చివర ముగిసింది. విమానం మెత్తగా దిగింది. అంత బాగా నేను ముందెన్నడూ ఎగరేయలేదని నాకు తెలుసు. గర్వంగా వెనక్కి తిరిగి చూస్తే, ముగ్గురు జడ్జీలూ తువ్వాళ్లలో ముఖాలు దాచుకుని ఉన్నారు. పట్నం కుర్రాళ్లు రన్‌వే దాటి అవతలికి పరుగెత్తారు. ఆ మైదానంలో కళ్లు తెరుచుకుని ఉన్నవాళ్లం మాస్టారూ నేనూ మాత్రమే.

టోపీ పెద్దాయన ముఖం మీద రెండు చెంబులు నీళ్లు కొట్టుకుని వచ్చారు. తిడతారనుకున్నాను. ఆయన దగ్గుతూనే, అమ్మాయ్, రెండో దాని తర్వాత మేం ఏమీ చూడలేదు, మళ్లీ ఎగరేయమందామంటే వెలుతురు లేదు అన్నారు. ఆయన అందరి వైపూ చూసి, ఎవరైనా చూశారా అని అడిగారు.

"నేను చూశానండి" అన్నారు మాస్టారు.

పెద్దాయన నవ్వారు. మీరు చెప్పండి, మేం రాసుకుంటాం, మీ శిష్యురాలే కదా, ధారాళంగా వేయండి అన్నారు. ఎగతాళి కాదు, మంచితనం. అన్నీ తొమ్మిదులు చెప్పినా ఎవరూ కాదనేవాళ్లు కాదు, చెబితే నాకు కప్పు వచ్చేది. మాస్టారు హాజరు పిలిచేటప్పటిలాగా నిటారుగా నిలబడ్డారు. మూడోది ఆరు అన్నారు. నాలుగోది ఏడు, అయిదోది పైన నొక్కుకుంది, ఆరు. నాకు ఒళ్లు మండిపోయింది. మాస్టారి చొక్కా పట్టుకుని లాగాను. ఆయన వినిపించుకోలేదు. ఏడు, ఆరు, ఏడు, ఏడు. చివరి రోలు దగ్గర ఆగారు.

"ఎనిమిది" అన్నారు.

పెద్దాయన రాసుకుంటూ, ఎనిమిదేనా, ఒకటి పెంచమంటారా అన్నారు.

"వద్దండి. అది ఎనిమిది" అన్నారు మాస్టారు.

పోటీలో నాకు చివరి నుంచి రెండో స్థానం వచ్చింది. రైల్లో సగం దూరం మాస్టారితో మాట్లాడలేదు. మిగతా సగం ఆ రోలు గురించే మాట్లాడాను, ఆయన విసుక్కోకుండా విన్నారు. లెక్కల్లో నేను తర్వాత గట్టెక్కాను, ఎవరూ నమ్మరు గానీ ముప్పై ఏళ్లు పిల్లలకి లెక్కలే చెప్పాను. మాస్టారు పోయి చాలా కాలమైంది. కల్లం ఉన్న చోట ఇప్పుడు కోల్డ్ స్టోరేజీ లారీలు ఆగుతాయి. ఇప్పటి యంత్రాలు పడవు, పిల్లలు భయపడకుండా నేర్చుకుంటున్నారు, మంచిదే. మా కాలం గొప్పదని నేను అనను, మా కాలంలో రెక్కలు విరిగేవి. ఒక్కటి మాత్రం నాకు మిగిలింది. వేల పేపర్లు దిద్దాను, ఉదారంగా మార్కులు వేయమని పైనుంచి ఎన్నోసార్లు చెప్పించుకున్నాను. పదికి ఏడు దాటి వేయాల్సి వచ్చిన ప్రతిసారీ, పెన్ను పక్కన పెట్టి, ఆ జవాబు మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చదివేదాన్ని.